పేరు మోసినవాడు

రంగు పేరుకుంది. పేరింకా పెట్టనేలేదు, రంగు మాత్రం డబ్బాలో మీగడకట్టి పేరుకుంది అనుకున్నాడు బౌవె. మామూలు రోజైతే ఈ మాట పైకే అనేసి, ఎదుటివాడి వీపు మీద ఒక్క చరుపు చరిచి, వాడికంటే ముందు తనే పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు ఎదుట వీపులేవీ లేవు. కుంచె వెనక కొసతో ఆ మీగడని పక్కకి నెట్టాడు. కింద తెల్లరంగు ఏమీ ఎరగనట్టు నిగనిగలాడుతోంది. బల్ల మీద పెట్టె ఉంది. పడవలు కట్టే సీబె పొద్దున్నే చంకలో పెట్టుకుని తెచ్చాడు. చంకలో పట్టింది, అంత పెట్టె. పదకొండింటికి దాన్ని చర్చి వెనక్కి తీసుకెళ్ళాలి, ఈలోగా మూత మీద పేరు రాయాలి, రాసింది కాస్త ఆరాలి, అంటే ఇప్పుడే రాయాలి. రాయడం ఎంతసేపు? ఫ్రీస్‌లాండ్‌లో ఈ చుట్టుపక్కల సరస్సుల్లో తేలే పడవల్లో సగానికి సగం తన చేతి అక్షరాలే మోస్తున్నాయి. పడవ మీద రాత నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి నాది తలకిందుల రాత అని ఎన్నిసార్లు అన్నాడో, జనం ఎన్నిసార్లు మర్యాదకి నవ్వారో. తలరాత అనే మాట ఆ పక్కనే నక్కి ఉందని అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచింది. తోచినా ఎక్కడా గుచ్చుకోలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప ఉంటుందీ, ఉండదూ. మంగళవారం నుంచి ఒళ్ళంతా అలాగే ఉంది. చెయ్యి కూడా వణకడం లేదు. వణికితే రాయలేనని తప్పించుకునేవాడు.

మంగళవారం కొడుకు పుట్టాడు. నెలలు నిండి, బుగ్గలు నిండి, గోళ్ళు కూడా నిండి, ఊపిరి ఒక్కటి నిండకుండా పుట్టాడు. పై గదిలో, ఒళ్ళు చెడకుండా పరిచే చల్లటి పరుపు మీద పడుకుని ఉన్నాడు. పక్కన భార్య హెస్టర్. హెస్టర్ కడుపుతో ఉన్నప్పుడు తను చేసిన గోల అంతా ఇంతా కాదు. ఈ ఊళ్ళో పాత పడవలకి ఇష్టంగా పెట్టుకునే పేరొకటుంది, శుభమైన ఎదురుచూపు అని దానర్థం. ఎదురుచూపు అంటే అక్కడివాళ్ళకి కడుపు అని కూడా. అప్పటికి నలభై నాలుగేళ్ళ మొగుడూ ముప్ఫై తొమ్మిదేళ్ళ పెళ్ళామూ, ఇంక పిల్లల సంగతి ఎవరూ అడగడం మానేశాక, హెస్టర్ నీళ్ళోసుకుంది. వెంటనే బౌవె తమ సొంత పడవకి ఉన్న పేరు గీకేసి ఆ పేరు రాసి రేవులో తిప్పాడు. చూసినవాళ్ళు అర్థం చేసుకుని కేకలేశారు. "ఏం బౌవె, నీ పడవ నీళ్ళోసుకుందటగా!" అని వంతెన మీది నుంచి సీబె అరిస్తే, "పడవలు కట్టేవాడివి, చూసుకోవాల్సింది నువ్వురా" అని ఇటు నుంచి తను. ఆడది నీళ్ళోసుకుంటే పండగ, పడవ నీళ్ళోసుకుంటే మునక. రెండు అర్థాలున్న మాటతో ఆడుకుంటే రెండో అర్థం ఎప్పుడో లేచి కూర్చుంటుంది. ఆ పడవ ఇంకా కట్టేసే ఉంది, ఈ కిటికీలోంచి కనిపిస్తోంది, అక్షరాలు బాగా వచ్చాయి, ముఖ్యంగా చివరి అక్షరం కింది మెలిక.

సీబె పెట్టెని కూడా పడవలాగే కట్టాడు. తలవైపు రవంత సన్నం చేశాడు, అతుకుల్లో జనుపనార కూరి, తారు పూసి, గీకి నున్నగా చేశాడు. బల్ల మీద దింపుతూ, "ఒక్క చుక్క నీళ్ళు కూడా చొరవు," అన్నాడు. ఏమన్నాడో తెలిసి చెవులు ఎర్రబడ్డాయి. "అలవాటురా బౌవె. చేతులకి ఇంకోటి రాదు." పరవాలేదన్నాడు బౌవె. నిజంగానే పరవాలేదనిపించింది, అన్నీ పరవాలేదనిపిస్తున్నాయి. సీబె టోపీ నలుపుతూ నిలబడితే మెమ్ వచ్చి కూర్చోమంది. మెమ్ అంటే అక్కడ అమ్మే. బౌవె తల్లి, పొరుగూరి నుంచి మంగళవారం సాయంత్రమే వచ్చి వంటగది పుచ్చుకుంది. సీబెకి కాఫీ పోసింది. పోసి, అలమర తెరిచి, గుండ్రటి రస్కు తీసి, వెన్న రాసి, దాని మీద నీలం తెలుపు సోంపు చక్కెర పలుకులు చల్లి ముందు పెట్టింది. మగపిల్లాడు పుట్టిన ఇంటికి వచ్చిన ప్రతివాడికీ పెట్టేది అది. సీబె రస్కు కేసి చూశాడు, బౌవె కేసి చూశాడు. "తిను," అంది మెమ్. "పుట్టాడు కదా. పుట్టినవాడికి ఇది పెట్టాలి." సీబె కొరికాడు. రస్కు నిశ్శబ్దంగా తినడం మనిషి వల్ల కాదు. కర కరమని ఇల్లంతా వినిపించింది, పైన హెస్టర్‌కి కూడా వినిపించే ఉంటుంది. ఆ పెద్దమనిషి కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డంలోకి పోతుంటే, పలుకులు ఒక్కొక్కటే నేల మీద పడి దొర్లుతుంటే, బౌవె వాటి వెనకే చూపు పోనిచ్చాడు. ఒకటి బల్లకాలు దాటింది, ఒకటి గుమ్మం దగ్గర ఆగింది. నీలంది.

పేరు. పేరు గురించి కదా. చలికాలమంతా పేర్లే నడిచాయి ఇంట్లో. ఇక్కడ మొదటి కొడుక్కి నాన్నకి నాన్న పేరు, అందులో మాటలేదు, వందల ఏళ్ళుగా బౌవె కొడుకు నన్నె, నన్నె కొడుకు బౌవె, మళ్ళీ బౌవె కొడుకు నన్నె. గడియారంలో లోలకంలా రెండు పేర్లే ఇటూ అటూ ఊగుతున్నాయి. బౌవె తండ్రి నన్నె అంతకుముందు చలికాలం పోయాడు కాబట్టి పేరు ఇప్పుడు ఖాళీగా కూడా ఉంది. అయినా హెస్టర్ ఊరుకోలేదు. దేశానికి దక్షిణపు కొస నుంచి వచ్చిన పిల్ల, ఈ ఫ్రీస్‌లాండ్ పేర్లంటే ఆమెకి మొదట్నుంచీ వినోదం. "టేన్, సీమ్, హిడ్డె, యొరిస్, ఎన్ని లేవు! నన్నె ఏమిటి? పిల్లిని పిలిచినట్టు." పిల్లి కాదు, మన చెవితో వింటే ఇంకా తమాషా, ఎవర్ని పిలిచారంటే నన్నే అన్నట్టుంటుంది. తర్వాత ఆమె ఇంటిపేరు మీద పడింది. ఆమె ఇంటిపేరు నీమాంత్స్‌వెర్‌ద్రీత్, ఇంత పొడుగూ విడదీస్తే వచ్చే అర్థం ఎవరి దుఃఖమూ కాదు అని. ఎవరు పెట్టుకున్నారో, ఎందుకు పెట్టుకున్నారో, ఆ వంశంలో చివరికి హెస్టర్ ఒక్కతే మిగిలింది. ఇంటిపేరునే అసలు పేరుగా పెట్టేస్తే పోలేదా అంది. అమెరికాలో పెడతారట. ఇక్కడ కుదరదు, ఇంటిపేరుని ముందుపేరుగా రాయించబోతే పట్టణ కార్యాలయంలో ఒప్పుకోరు. అయితే ముందు మీ నాన్న పేరు, వెనక మా ఇంటిపేరు అని బేరం కుదిరింది. నన్నె, ఎవరి దుఃఖమూ కాదు. ఎంత నవ్వుకున్నారు! కొడుకు పుట్టకముందే హాయిగా బతకడానికి కావలసిందంతా పేరులోనే పెట్టేశాం అని ఆమె పొట్ట మీద చెవి ఆనించి చెప్పాడు. లోపలి నుంచి ఒక తన్ను తగిలింది, చెవి మీదే. ఆ చెవిని ఇప్పుడు తడుముకున్నాడు. చెవి ఉంది.

కార్యాలయంలో బుధవారం అడిగినావిడ మంచిది. గొంతు తగ్గించి, ప్రాణంతో పుట్టని బిడ్డకి పేరు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టమండీ, తర్వాతైనా చెప్పొచ్చు అంది. తర్వాత చెబుతానన్నాడు. ఎందుకంటే ఆ పొద్దున వంటగదిలో మెమ్ అరచేతులు బల్ల మీద పరిచి చెప్పింది. "ఒరేయ్, నన్నె పేరు వీడికి ఖర్చు పెట్టకురా. రేపు ఇంకోడు పుడితే వాడికి కావాలి కదా. ఈ చిట్టితండ్రికి ఇంకేదైనా చిన్న పేరు పెట్టు, ముద్దుపేరు. పేరు నేలలో పెట్టేస్తే మీ నాన్న పేరు పలికేవాడుండడు." అనడంలో కోపం లేదు, మొండితనం లేదు, చలికాలానికి బంగాళాదుంపలు దాచమని చెప్పినట్టు చెప్పింది. దానికి హెస్టర్ మెట్ల మీద నుంచి, అతని చొక్కా వేసుకుని, కిందికి దిగకుండానే, "ఇంకోడంటే ఎవరు?" అంది.  "నాకు ఇంకోడు లేడు అత్తయ్యా. ఉన్నవాడు పైనున్నాడు." మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తడం లేదు. వాడు, వాడు అంటున్నారు. వాడు అంటుంటే పేరు వాడుకలోకి రానే లేదు, అనుకుని, ఈ దిక్కుమాలిన అలవాటు తన మీద జాలిపడదేమిటి, లోపల అంతా గడ్డకట్టినా మాటలు మాత్రం ఎలకల్లా పరుగెడుతూనే ఉంటాయేమిటి అనుకున్నాడు.

మూత మీద సుద్దముక్కతో గీత గీశాడు. గీతకి కింద మరో గీత. ఈ రెండు గీతల మధ్య ఏదో ఒకటి రాయాలి. మెమ్ మాట వింటే ముద్దుపేరు. వింటే నష్టమేముంది? పేరు మిగుల్తుంది. మిగిలిన పేరు ఇంకో పిల్లాడికి, ఒకవేళ, ఎప్పుడో, తొడుగుతారు. తొడిగించుకున్నవాడు ఎలా ఉంటాడో బౌవెకి ఎవరూ చెప్పక్కర్లేదు. చర్చి వెనక మూడో వరసలో, గోడ పక్కన, నాచు పట్టిన చిన్న రాయి ఉంది. దాని మీద బౌవె అని ఉంది. అది అన్న. మూడు నెలలు బతికాడు. వాడు పోయిన మరుసటేడు పుట్టినవాడికి అదే పేరు పెట్టారు, తాత పేరు నిలబడాలి కాబట్టి. అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టు, కాకపోతే ఆ చొక్కా అన్న ఒంటి మీద మాయనైనా లేదు. ప్రతి వసంతంలో తండ్రి ఆ రాయి మీది అక్షరాలకి నల్లరంగు దిద్దేవాడు. డబ్బా పట్టుకునేది రెండో బౌవె. బడిలో చేరకముందే చదవడం వచ్చింది వాడికి, వచ్చిన మొదటి మాట తన పేరే, నేర్పిన పలక ఆ రాయి. ఒకసారి వెంట వచ్చిన సీబె, ముక్కు చీదుకుంటూ రాయి చూసి, "ఒరేయ్, నువ్విక్కడున్నావేంట్రా?" అన్నాడు. తండ్రి కూడా నవ్వాడు. అదే మొదటి జోకు. తర్వాత తనే తయారుచేశాడు లెక్కలేనన్ని. నేను రెండో ముద్రణని, తప్పులు సవరించిన ప్రతిని. నేనోసారి చచ్చి చూశాను, నాకు పడలేదు. మా ఊళ్ళో అందరికంటే పేరు మోసినవాణ్ణి నేనే, పుట్టిన దగ్గర్నుంచీ మోస్తూనే ఉన్నాను. జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. గట్టిగా మాట్లాడేవాడని పేరు. గట్టిగా మాట్లాడకపోతే, మెమ్ బౌవె అని పిలిచిన ప్రతిసారీ, పిలుపుకీ తను పలకడానికీ మధ్య సన్నటి ఖాళీ ఒకటి ఉండేది, అందులోంచి ఇంకెవరో తల ఎత్తినట్టుండేది, ఆ ఖాళీని మోతతో పూడ్చాలి. నలభై ఐదేళ్ళుగా పూడుస్తున్నాడు. ఇప్పుడు పూడ్చేవాడికి నోరు పూడుకుపోయింది, ఖాళీ అలాగే ఉంది, అందులో చలిగాలి కూడా లేదు.

మెట్లు కిర్రుమన్నాయి. హెస్టర్ వచ్చి గడప మీద నిలబడింది, కాళ్ళకి అతని ఉన్ని మేజోళ్ళు. పెట్టె చూసింది. వేలితో అంచు వెంబడి రాసింది, సీబె ఎంత నున్నగా చేశాడో చూస్తున్నట్టు. "పడవలా ఉంది," అంది. "ఆఁ" అన్నాడు. "ఇంటిపేరు రాయకు," అంది హెస్టర్.

"నీ ఇంటిపేరేగా అనుకున్నాం."

"అనుకున్నాం. కానీ మూత మీద అబద్ధం రాయొద్దు."

అంతే అంది. నిన్న వీధిలో ఎవరో హెస్టర్ని ఆపి, మీరింకా వాణ్ణి ఎరగనైనా ఎరగరు, అదొక్కటే అదృష్టం అన్నారు. అప్పుడు ఆవిడ మర్యాదగా తలూపి ఇంటికొచ్చి గిన్నెలు కడిగింది. ఎవరి దుఃఖమూ కాదు అని అందరూ అనేస్తున్నారు, పెట్టె మీద కూడా రాసి ఉంటే ఇంక ఎవరైనా ఏం చేస్తారు? "ముందుపేరు నువ్వే రాయి, నాకు నోరు రావట్లేదు," అంది హెస్టర్, "కానీ రాసింది వాడికే ఉండాలి. అప్పు ఇచ్చినట్టు ఇవ్వకు." మళ్ళీ మెట్లు కిర్రుమన్నాయి, ఈసారి పైకి.

ఆవిడ వెళ్ళాక చూస్తే గుమ్మంలో మెమ్ ఉంది. ఎప్పుడు వచ్చిందో. చేతిలో కాఫీ కప్పు, దాని పక్కన రస్కు, రస్కు మీద నీలం తెలుపు. ఇంతవరకూ అతనికి పెట్టలేదు, తండ్రికి పెట్టడం మర్చిపోయానని గుర్తొచ్చినట్టుంది. కప్పు బల్ల మీద పెట్టి, ఖాళీగా ఉన్న మూత కేసి, సుద్ద గీతల కేసి చూసింది. బౌవె అడిగాడు. ఎప్పుడూ అడగనిది, జోకు చెయ్యకుండా ఎప్పుడూ నోట్లోంచి రానిది, ఒళ్ళు మొద్దుబారి ఉంది కాబట్టి నొప్పి లేకుండా బయటికొచ్చేసింది.

"మెమ్, చిన్నప్పుడు నన్ను పిలిచేదానివి చూడు. బౌవె అని. అప్పుడు నీకు ఎవరు వచ్చేవాళ్ళు?"

ఏం ప్రశ్నరా అంటుందనుకున్నాడు. అనలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. ఏప్రనుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"మొదట్లో పిలిచినప్పుడల్లా వాడే వస్తాడేమోనని చూసేదాన్ని," అంది. "రాడని తెలుసు. అయినా పేరు వాడిది కదా, నోరు పిలిచాక కళ్ళు ఊరుకోవు. కాలవ గట్టు కేసి చూసేదాన్ని. నువ్వొచ్చేవాడివి. తడి కాళ్ళతో, బురదతో, అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడివి." రస్కుని అతని వైపు జరిపింది. "పాపం, ప్రతిసారీ నువ్వే వచ్చేవాడివి."

కిటికీ బయట పడవ తాడు మీద కొంచెం కదిలి ఆగింది. బౌవె రస్కు తీసుకుని కొరికాడు. కర కరమంది. సోంపు రుచి తెలిసింది, తీపి కూడా తెలిసింది, మంగళవారం తర్వాత నాలుకకి తెలిసిన మొదటి రుచి అదే. బాగానే ఉంది. పూర్తిగా తినేసి, చేతులు దులుపుకుని, కుంచె ముంచి, డబ్బా అంచుకి రాసి, ఎక్కువైన రంగు దించాడు. మెమ్ లేచి, అడక్కుండానే, రంగు డబ్బా ఎత్తి అతని మోచేతి పక్కన పట్టుకుంది, రాయి దగ్గర అతను తండ్రికి పట్టినట్టే. మొదటి అక్షరం ఎన్, రెండు నిలువు గీతలు, మధ్య ఏటవాలుగా ఒక గీత. రెండు గుంజలకి కట్టిన తాడులా. ఈ పేరులో ఆ అక్షరమే మూడుసార్లు వస్తుంది, మధ్యలో ఎడం సరిగ్గా పడకపోతే కంచెలా కనిపిస్తుంది, కొత్తవాళ్ళు ఇక్కడే చెడగొడతారు. అతను చెడగొట్టలేదు. ఆఖరి అక్షరం మూడో అడ్డగీత దగ్గర కుంచె ఎత్తాడు.  నన్నె. ఎవర్ని పెడుతున్నావురా ఇందులో అంటే, నన్నే. లోలకం ఇటు వచ్చి ఆగిపోయింది. ఇంక అటు వెళ్ళదు.

"ఇంకోడికి మరి?" అంది మెమ్, కొట్లాటకి కాదు, అడిగి వదిలేద్దామన్నట్టు.

"ఇంకోడు పుడితే వాడికి వాడి పేరే పెడదాం మెమ్. ఎవరూ పాతరేయనిది."

మెమ్ డబ్బా కింద పెట్టింది. మూత మీద తడి అక్షరాలని చాలాసేపు చూసింది, తనకి చదవడం ఇప్పుడే వస్తున్నట్టు. "రాశావు సరే," అంది. "ఎవరైనా పిలిచారా? పిలవకుండా పేరేమిటి, అది ఉత్త రాత."  హెస్టర్‌కి నోరు రావడం లేదు, బౌవెకీ రాదు. మెమ్ నడుము మీద చెయ్యేసుకుని నిలబడి, పనిచేసే గది వెనక తలుపు బార్లా తెరిచింది. ఎదురుగా గట్టు, రెల్లు, కాలవ, ఆవల సరస్సు. మధ్యాహ్నం బంగాళాదుంపలు ఉడికాక పిల్లల్ని లోపలికి పిలిచే గొంతొకటి ఉంటుంది ఇక్కడి తల్లులకి, నీళ్ళ మీద అవతలి ఒడ్డుదాకా వెళ్ళే గొంతు. ఎన్నేళ్ళయిందో ఆ గొంతు విని. "నన్నె!" అని పిలిచింది మెమ్. "నన్నే-ఏ!"

పై గది కిటికీ తెరుచుకుంది. రెల్లులో బాతులు తల తిప్పాయి. గొంతు నీళ్ళ మీద పోయి పోయి సన్నగిల్లింది. బౌవె తల్లి భుజం మీదుగా కాలవ గట్టు కేసి చూశాడు, ఆవిడ కూడా చూస్తోంది. ఒక గాలి వచ్చి రెల్లుని వంచి వదిలింది. తడి కాళ్ళతో, బురదతో, అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చేవాళ్ళెవరూ లేరు. ఇంకాసేపు చూశారు ఇద్దరూ.

"ఎవరూ రాలేదు కదా," అంది మెమ్.

"రాలేదు."

"అయితే పేరు వాడిదే," అని తలుపు వేసింది.